ముగ్గు గీతల్లో ముప్పై ఆరు ఇళ్లు: ఒక నేతకారుల కాలనీ డిజైన్ కేస్ స్టడీ

ఇది కోస్తాలోని ఒక నేత ఊరి కేసు. ఊరి పేరు, సంఘం పేరు, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కొలతలు, ఖర్చులు, తీసుకున్న నిర్ణయాల వరస మాత్రం పని నేర్చుకునేవాళ్లకు అక్కరకొచ్చేలా ఉంచాం.

నేపథ్యం

చేనేత సహకార సంఘంలోని 36 కుటుంబాలు కలిసి ఊరి అంచున 1 ఎకరా 40 సెంట్ల నేల కొన్నాయి. ఒక్కో ఇంటికి 27 × 40 అడుగుల స్థలం, అంటే 120 గజాలు, దాదాపు రెండున్నర సెంట్లు. ప్రభుత్వ కాలనీలకు అప్పట్లో వచ్చిన సెంటు, సెంటున్నర స్థలాలతో పోలిస్తే ఇది మెరుగే. అందుకే మొదట్లో అందరూ ధీమాగా ఉన్నారు. ప్రభుత్వ సాయం, సంఘం ఇచ్చే అప్పు, కుటుంబం చేతిసొమ్ము కలిపితే ఇంటికి 7 లక్షలు. పిచ్చుకగూడైనా సొంతగూడే అన్న లెక్కలో కాకుండా, ఇల్లూ మగ్గమూ ఒకే కప్పు కింద ఇమడాలన్నది సంఘం పెట్టిన షరతు.

36 కుటుంబాల్లో 29 ఇళ్లలో మగ్గం ఆడుతోంది. అన్నీ గుంట మగ్గాలే, అంటే నేలలో గొయ్యి తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నేసేవి. వాటిలో 14 మగ్గాలకు పైన జకార్డు, అంటే అట్టల సాయంతో గుడ్డలో డిజైన్ నేయించే పెట్టె, ఉంది. ఐదు ఇళ్లవాళ్లు సొంత మగ్గం లేక కూలికి నేస్తున్నారు. మిగతా రెండిళ్లలో పెద్దవాళ్లు నేత మానేశారు, పిల్లలు వేరే పనుల్లో ఉన్నారు. ఈ విభజన మొదటి రోజున ఎవరూ చెప్పలేదు. సంఘం రికార్డులో అందరూ ‘నేతకారులు’.

ముందుకొచ్చిన సమస్య

మా డిజైన్ బృందాన్ని పిలిచేనాటికే రెండు మాదిరి ఇళ్లు కట్టేశారు. ప్లాన్ గీసిన ఇంజనీరు తప్పు చేశాడనడానికి లేదు. సభ పెట్టాడు, ప్లాన్ గోడకు తగిలించాడు, అందరూ బాగుందన్నారు, 36 మందీ సంతకాలు పెట్టారు. ముందు గది 10 × 12, అదే మగ్గం గది అని రాసుంది. రెండు కుటుంబాలు గృహప్రవేశం చేశాయి, పాలు పొంగించాయి, మంచాలు తెచ్చుకున్నాయి. మగ్గాలు మాత్రం పాత ఇళ్లలోనే ఉండిపోయాయి. పొద్దున లేచి కిలోమీటరు నడిచి పాత ఇంటికి పోయి నేసి, రాత్రికి కొత్త ఇంటికి వస్తున్నారు.

సంఘం అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లే ఎందుకు వాడట్లేదు?

సమాధానం కోసం మొదట ఆ రెండిళ్లను టేపు పట్టి కొలిచాం. ఒక ఇంట్లో గుంట తవ్వబోతే గునపం ప్లింత్ బీమ్‌కు (గోడల కింద పునాది మీద వేసే కాంక్రీటు దూలానికి) తగిలింది. గోడ పక్క నుంచి జరిపి తవ్వితే మగ్గం తలుపుకు అడ్డం పడింది. రెండో ఇంట్లో గుంట కుదిరింది కానీ మొదటి వానకే ఊటనీళ్లు వచ్చాయి. నల్లరేగడి నేల, అడుగున్నర ఎత్తు బేస్‌మెంట్, రెండుంపావు అడుగుల గుంట. గుంట అడుగు వీధి మట్టం కంటే ముప్పావు అడుగు కిందికి పోయింది. వానాకాలంలో మగ్గం గుంటల్లోకి నీళ్లు చేరి పని ఆగిపోవడం నేత ఊళ్లలో ఏటా వచ్చే కష్టమే. కొత్త ఇంట్లోనూ అదే కష్టాన్ని డబ్బు పెట్టి కట్టినట్టయింది.

మూడోది కిటికీ. కిటికీ అడుగు నేల నుంచి మూడు అడుగుల ఎత్తులో ఉంది. కుర్చీలో కూర్చునేవాడికి అది సరైన ఎత్తే. గుంట మగ్గంలో మనిషి కాళ్లు గుంటలో పెట్టి దాదాపు నేల మట్టాన కూర్చుంటాడు. కన్ను నేల నుంచి రెండున్నర అడుగుల పైన ఉంటుంది, నేస్తున్న గుడ్డ అడుగున్నర లోపే. అలాంటప్పుడు మూడు అడుగుల కిటికీ వెలుతురంతా ఎదురు గోడకు కొడుతుంది, గుడ్డ మీద నీడ పడుతుంది. పట్టపగలు బల్బు వేసుకుని నేయాలి.

ఈ మూడూ ప్లాన్ కాగితం మీదే ఉన్నాయి. ఎవరైనా చూసి చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదన్నదే అసలు కేసు.

మొదటి ప్రయత్నాలు, వాటి వైఫల్యం

మేమూ సభతోనే మొదలుపెట్టాం. తేడా చూపించాలని ప్రశ్నావళి తయారుచేశాం: ఎన్ని గదులు కావాలి, వంటగది ఎంత, మరుగుదొడ్డి లోపలా బయటా. ఉదయం పదింటికి సంఘం ఆఫీసులో 31 మంది వచ్చారు. వాళ్లలో ఆడవాళ్లు నలుగురు. మాట్లాడింది ఆరుగురు. చివరికి తేలిన జాబితా: హాలు, రెండు బెడ్‌రూములు, దేవుడి గది, పోర్టికో, పైకి మెట్లు. ఇంటికి అనుకున్న 437 చదరపు అడుగుల్లో ఇది పట్టదని అందరికీ తెలుసు. జాబితాలో ‘మగ్గం’ అన్న మాటే లేదు. అడిగితే, అది ఎలాగూ ఉంటుందిగా అన్నారు.

‘మీకేం కావాలి’ అని అడిగితే మనిషి తన దగ్గర లేనిదాన్ని చెబుతాడు. రోజూ చేసే పని అడక్కుండానే ఉండాల్సిన విషయం, దాన్ని ఎవరూ కోరికల్లో లెక్కెయ్యరు. పైగా ఉదయం పదంటే కండెలు (అడ్డపోగు నూలు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టే వేళ. ఆ పని చేసే ఆడవాళ్లు రాలేరు. సభకొస్తే మగవాడికి ఆ పూట నేత పోతుంది, అంటే కూలి పోతుంది. ఖాళీగా ఉన్నవాళ్లు, సంఘంలో పలుకుబడి ఉన్నవాళ్లు వస్తారు. సభ పెట్టిన వేళే ఎవరి మాట వినబడుతుందో నిర్ణయించేసింది.

రెండోది, కంప్యూటర్ బొమ్మలు. రంగుల్లో మూడు రకాల ఇళ్లు పెద్ద తెర మీద చూపించాం. అర్ధగంట చర్చ జరిగింది, అంతా ముందు గోడ రంగు గురించి, పిట్టగోడ డిజైన్ గురించి. చూసినవాళ్లు సంతోషించారు. డిజైన్‌కు పనికొచ్చే ముక్క ఒక్కటి రాలేదు. ఆ పద్ధతిని అక్కడితో ఆపేశాం. చక్కటి బొమ్మ ముందు పేదవాడు ‘ఇది నాకు పనికిరాదు’ అనడం కష్టం. మాదిరి ఇళ్ల ప్లాన్ మీద సంతకాలు అలా పడ్డవే.

మూడోది అట్ట నమూనా. ఒక అడుగుకు అర అంగుళం లెక్కన గోడలు, మగ్గం, మంచం, గ్యాస్ బండ అన్నీ అట్టతో చేసి, ఎవరికి వాళ్లు జరుపుకోమన్నాం. ఇది కొంత నయం. ఆడవాళ్లు, పిల్లలు చొరవగా చేతులు పెట్టారు. వంటగది వెనక్కి, మగ్గం ముందుకు అన్న వరస ఇక్కడే తేలింది. కానీ రెండు అడుగుల సందుకూ మూడు అడుగుల సందుకూ తేడా అట్ట మీద అర అంగుళం. బిందె పట్టుకుని ఆ సందులో నడిచే మనిషికి ఆ తేడా ఎంతో అట్ట చెప్పలేదు. 14 నమూనాల్లో 11 నిజంగా కడితే నడవ లేని ఇళ్లు.

దారి మార్చిన రెండు పనులు

మొదటిది, పాత ఇళ్లను పని జరుగుతున్నప్పుడు కొలవడం. మనుషుల్ని ప్రశ్నలు అడగలేదు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆరు ఇళ్లలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఏ వస్తువు ఏ వేళకు ఎక్కడికి కదులుతోంది అని గంట గంటకూ ప్లాన్ మీద గుర్తు పెట్టాం. కొలతలు ఇలా తేలాయి: మగ్గం వెడల్పు ఐదున్నర అడుగులు, వెనక పడుగు (నిలువు పోగులు) చాపే జాగాతో కలిపి పొడవు 12 అడుగులు. జకార్డు పెట్టె పైభాగం నేల నుంచి 8 అడుగుల 9 అంగుళాలు, పైకెక్కి అట్టలు మార్చడానికి మరో అడుగున్నర, పైన ఊపిరాడేందుకు మూడంగుళాలు. మొత్తం పదిన్నర అడుగుల ఎత్తు. మామూలు తొమ్మిదడుగుల స్లాబ్ కింద జకార్డు ఎక్కదు.

ఆ తెల్లవారుజామునే ఇంకో సంగతి బయటపడింది. పడుగుకు గంజి పెట్టడం వీధిలో జరుగుతుంది. ఎండ రాకముందే పడుగును వీధి పొడవునా చాపి, అటూ ఇటూ నిలబడి కుంచెలతో గంజి దువ్వుతారు. ఎండ తగిలితే గంజి ఎక్కడికక్కడ ఆరి పోగులు అతుక్కుంటాయి. ఇక్కడి పడుగు 44 మీటర్లు, అంటే 144 అడుగులు. రెండు చివర్లా కట్టడానికీ లాగిపట్టడానికీ ఎనిమిదేసి అడుగులు. మొత్తం 160 అడుగుల తిన్నటి వీధి కావాలి. గంజి పని వీధి పని, ఇంటి పని కాదు. అందుకే ఇంటి గురించి పెట్టిన ఏ సభలోనూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

లేఅవుట్ అప్పటికి కాగితం మీద ఖాయమైపోయింది. మధ్యలో 30 అడుగుల రోడ్డు, దానికి అటూ ఇటూ వరసకు మూడేసి స్థలాలు. అంటే ఒక్కో సందు 81 అడుగులు. గంజికి సగమే. నడిరోడ్డు దాటి చాపితే ఆటోలూ బైకులూ ఆగవు. రోడ్డును మధ్య నుంచి తీసి వరసల చివరకు, నేల ఒక అంచుకు జరిపాం. వరసకు ఆరు స్థలాలు కలిసి 162 అడుగులయ్యాయి. వరసల మధ్య 20 అడుగుల వీధులు మూడు, ఉత్తర దక్షిణాలుగా. స్థలాల సంఖ్య మారలేదు, రోడ్ల విస్తీర్ణం పెద్దగా పెరగలేదు, ఖర్చు పెరగలేదు. వీధికి సిమెంటు రోడ్డు వేసేముందే రెండు చివర్లా రెండంగుళాల ఇనుప పైపు ముక్కలు అడుగున్నర లోతున పాతి మూతలు పెట్టించాం. పడుగు కట్టే గుంజలు వాటిలో దిగుతాయి. ఇది మరిచిపోతే, మర్నాడే ఎవరో ఒకరు కొత్త రోడ్డును గునపంతో పొడుస్తారు.

రెండో పని, ఈ కేసులో అన్నిటికన్నా పనికొచ్చింది: అసలు కొలతల్లో ఇంటిని నేల మీద గీసి, అందులో ఒక పూట బతికి చూడటం.

నిలువెత్తు నమూనా: ఎలా చేశాం

స్కూలు మైదానం తీసుకున్నాం. సున్నం, నూలుతాడు, మేకులు, మూలమట్టం. 19 × 23 అడుగుల ఇల్లు, తొమ్మిదంగుళాల గోడ మందంతో సహా. గోడ మందం గీయకపోతే ప్రతి గదీ నిజం కంటే ముప్పావు అడుగు పెద్దగా కనిపిస్తుంది, అది ఇలాంటి నమూనాల్లో ఎక్కువమంది చేసే తప్పు. గోడల చోట సరుగుడు కర్రలు పాతి, నడుము ఎత్తున తాడు, దాని మీద గోనెపట్టాలు. తలుపుల చోట పాత తలుపు రెక్కలే తెచ్చి తాడుతో వేలాడదీశాం, ఎందుకంటే తలుపు తెరుచుకునే వైపు గీతతో అర్థం కాదు. కిటికీలకు చీరలు, పైకీ కిందికీ జరిపేలా. గుంట తవ్వలేదు. నేసేవాళ్లు కూర్చునే ఎత్తు సరిపోవడానికి మట్టి మూటలతో చుట్టూ తిన్నె కట్టాం. పాత మగ్గం చట్రం, రాట్నం, రెండు మంచాలు, బీరువా, గ్యాస్ బండ, నీళ్ల బిందెలు, కుట్టు మిషను, సైకిల్ తెచ్చిపెట్టాం. కర్రలు, పట్టాలు, రవాణా, కూలీ కలిపి 14 వేల లోపు. రెండు మాదిరి ఇళ్ల మీద వృథా అయినదానితో పోలిస్తే చిల్లర.

రోజు ఎంపిక ముఖ్యం. ఆ ఊళ్లో అమావాస్య నాడు మగ్గం ఆపుతారు. వరసగా రెండు అమావాస్యలు వాడుకున్నాం. అయినా వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఆడవాళ్లకూ విడిగా, పూట కూలి ఇచ్చాం. డబ్బిస్తే డబ్బు కోసమే వస్తారని సంఘంలో కొందరు అభ్యంతరం చెప్పారు. డిజైన్ చేసేవాడు జీతం తీసుకుని కూర్చున్న చోట, పని తెలిసినవాణ్ని ఊరికే రమ్మనడం న్యాయం కాదన్నది మా వాదన. రెండో అమావాస్యకు 36 ఇళ్ల నుంచి 61 మంది వచ్చారు, సగానికి పైగా ఆడవాళ్లు.

అభిప్రాయాలు అడగలేదు. పని చెప్పాం. ‘మగ్గం దగ్గర ఒకరు కూర్చోండి. ఒకరు రాట్నం మీద కండెలు చుట్టండి. ఒకరు వంటింట్లోంచి అన్నం గిన్నె దింపుకుని బయటికి రండి. ఒకరు బిందెతో లోపలికి రండి. ఒక పిల్లాడు బడి నుంచి వచ్చి సంచి పడేయాలి.’ అంతే.

పదో నిమిషంలో ఇల్లు మాట్లాడింది. రాట్నం తిప్పే ఆమె మోచెయ్యి నడవలోకి వచ్చింది. బిందెతో వస్తున్న కోడలు ఆగిపోయింది. పక్కకు తప్పుకుందామంటే గోనెపట్టా గోడ. ‘ఇట్టా అయితే రోజుకి నలభై సార్లు లేచి కూర్చోవాలి సార్’ అంది రాట్నం దగ్గరామె. ఆమె భర్త అంతకుముందు సభలో అదే ప్లాన్‌కు చెయ్యెత్తాడు. మా మనిషి కర్ర పీకి గోడను అడుగున్నర జరిపాడు. మళ్లీ అదే నడక. మూడోసారికి సరిపోయింది. వంటగదిలోంచి ఆ అడుగున్నర పోయింది, ఆ సంగతి వంట చేసే మనిషే కళ్లారా చూసి ఒప్పుకుంది.

నేత తెలిసినవాడికి ఆ తెలివి చేతుల్లో, మోకాళ్లలో, మోచేతుల్లో ఉంటుంది. సభలో నోటికి అందదు. ఒళ్లు పనిలో పెడితే తనంతట తానే బయటికొస్తుంది. మాదిరి ఇంటి ప్లాన్ మీద తప్పు చెప్పనివాళ్లే ఈ గీతల్లో ఒక్క పూటలో 23 మార్పులు చెప్పారు. వాటిలో 17 అమలయ్యాయి.

కిటికీ సంగతీ ఇక్కడే తేలింది. చీరను కిందికి దించుతూ పోతే, అడుగుంపావు దగ్గర నేసేవాడు తల ఊపాడు. ఉత్తరం గోడకు, మగ్గం పక్కనే, ఐదు అడుగుల వెడల్పు కిటికీ. తూర్పు, పడమర కిటికీలైతే ఎండ నేరుగా పడి రంగులు వెలుస్తాయి, వేసవిలో పోగు పొడిబారి తెగుతుంది.

వాస్తును ఏం చేశాం

దీన్ని పక్కన పెట్టి డిజైన్ చేద్దామనుకునేవాళ్లు మన దగ్గర ఇల్లు కట్టలేరు. ఇంట్లో రెండుంపావు అడుగుల గొయ్యి అనగానే ఎక్కడ అన్న ప్రశ్న వచ్చింది. నైరుతిలో గొయ్యి ఒప్పుకోరు. ఉత్తరం, ఈశాన్యం పల్లంగా ఉండొచ్చు. వెలుతురు లెక్కన మాకూ మగ్గం ఉత్తరానికే కావాలి. ఇక్కడ గొడవ రాలేదు.

గొడవ వంటగది దగ్గర వచ్చింది. వీధులు ఉత్తర దక్షిణాలు కాబట్టి సగం ఇళ్లు తూర్పు ముఖం, సగం పడమర ముఖం. ఒక ప్లాన్ గీసి అద్దంలో బొమ్మలా తిప్పేస్తే చాలన్నది కాంట్రాక్టరు సలహా. అలా తిప్పితే తూర్పు ముఖం ఇంట్లో ఆగ్నేయాన ఉన్న వంటగది పడమర ముఖం ఇంట్లో నైరుతికి పోతుంది. కట్టాక పొయ్యి జరుపుకుంటారు, గొట్టాలు పగలగొడతారు. అందుకే రెండు వేర్వేరు ప్లాన్లు గీశాం. గీసే పని పది రోజులు పెరిగింది.

ఉమ్మడి గోడ సంగతి ఇంకోటి. రెండిళ్లకు ఒకే గోడైతే ఇంటికి 20 వేలకు పైగా మిగులుతుంది. ఆ లెక్క చూపించాం. ఒక్క కుటుంబమూ ఒప్పుకోలేదు. రేపు అన్నదమ్ములే అయినా మేకు కొట్టుకోనివ్వరు అన్నారు. మాకు అది వృథా అనిపించింది, కానీ పక్కింటితో నలభై ఏళ్లు బతికేది వాళ్లు. ఉత్తరాన 6 అడుగులు, దక్షిణాన 2 అడుగులు వదిలాం. పక్కింటి 2 అడుగులతో కలిపి ఉత్తరం కిటికీకి ఎదురుగా 8 అడుగుల ఖాళీ దక్కింది. వెలుతురుకు అది చాలు.

ఏ నిర్ణయం ఎవరిది, ఎప్పుడు

నివాసుల్ని కలుపుకోవడం అంటే అన్నీ వాళ్లనే తేల్చుకోమనడం కాదు. డచ్ ఆర్కిటెక్ట్ జాన్ హాబ్రాకెన్ 1960ల్లోనే చెప్పిన ఒక విభజన ఈ పనికి బాగా కుదురుతుంది: అందరికీ చెందే గట్టి చట్రం వేరు, ఆ కుటుంబం తన ఇష్టానికి మార్చుకునే లోపలి భాగం వేరు. చిలీలోని ఇకికేలో ఆలెహాండ్రో అరవేనా బృందం దాదాపు వంద పేద కుటుంబాలకు సగం ఇల్లే గట్టిగా కట్టి, మిగతా సగానికి జాగా వదిలింది. ఆ కుటుంబాలు సొంతంగా కట్టుకోవడం కష్టమైన సగాన్నే ముందు కట్టారు. మా దగ్గర వెనక వదిలిన 11 అడుగులు ఆ లెక్కలోవే. మరుగుదొడ్డి ఆ జాగాలో ఒక మూలకు పెట్టి, రేపు వేసే గదికి అడ్డం రాకుండా చూశాం.

పునాది, స్టీలు, బేస్‌మెంట్ ఎత్తు, సెప్టిక్ ట్యాంకు, గుంట చుట్టూ నిర్మాణం: వీటిలో ఎంపిక ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో మాత్రం లెక్కతో చెప్పాం. బేస్‌మెంట్ రెండున్నర అడుగులు, గుంట రెండుంపావు. గుంట అడుగు వీధి కంటే మూడంగుళాలు పైనే ఉంటుంది. మొదట మగ్గం గదినే మూడు అడుగులకు లేపి, మిగతా ఇల్లు రెండు అడుగులకు ఉంచుదామనుకున్నాం, గ్రావెల్ ఖర్చు తగ్గుతుందని. నమూనాలో మట్టి మూటలతో ఆ మెట్టు కట్టి చూస్తే, బిందెతో ఉన్న ముసలామె రెండుసార్లు తడబడింది. ఆ ఆలోచన అక్కడే వదిలేశాం. గుంట అడుగున నాలుగంగుళాల కాంక్రీటు, చుట్టూ ఇటుక, నీరు పట్టని సిమెంటు పూత. గోడ లోపలి అంచు నుంచి గుంట కనీసం రెండు అడుగుల దూరం, ప్లింత్ బీమ్ జోలికి పోకుండా.

ఎత్తు విషయంలో కాసేపు తర్జనభర్జన జరిగింది. జకార్డు ఉన్నవి 14 ఇళ్లే కదా, వాటికే పదిన్నర అడుగులు చాలన్నారు కొందరు. ఆ అడుగున్నర గోడకు ఇంటికి దాదాపు 25 వేలు. కానీ ఏ మగ్గానికి జకార్డు ఎక్కుతుందన్నది గిరాకీని బట్టి మారుతుంది. కిందటి మూడేళ్లలో ఎన్ని మగ్గాలు మారాయో సంఘం పుస్తకంలో చూపించగానే అందరికీ పదిన్నర అడుగులకే ఒప్పుకున్నారు.

ఇక ఎంపికలకు చింతగింజలు వాడాం. చట్రానికి 6 లక్షలు పోగా మిగిలిన లక్ష కుటుంబం ఇష్టం. లక్షకు 40 గింజలు, ఒక్కో గింజ 2,500. బయటి మెట్లకు 18 గింజలు, గచ్చు బదులు టైల్స్‌కు 8, వంటగట్టుకు గ్రానైట్ 3, రెండో గుంటకు 7, ఇలా అట్టముక్కల మీద బొమ్మతో సహా రాశాం. మొదటి విడత మొగుడూ పెళ్లాలకు కలిపి ఇచ్చాం. దాదాపు అన్ని ఇళ్లలో గింజలు మెట్ల మీదికి పోయాయి. రెండో విడత ఇద్దరికీ విడివిడిగా 40 గింజలిచ్చి, వేరే వరండాల్లో కూర్చోబెట్టి, తర్వాత కలిపాం. ఒకే ఇంట్లో ఆయన మెట్లకు పెట్టిన 18 గింజల చోట ఆమె మరుగుదొడ్డికి కప్పున్న దారి, వంటింటికి అలమర, నీళ్ల తొట్టి పెట్టింది. ఆ రెండు అట్టముక్కలూ పక్కపక్కన పెట్టాకే అసలు సంభాషణ మొదలైంది. చివరికి మెట్లు ఇప్పుడే కావాలన్నవాళ్లు 12 మంది. మిగతావాళ్లు మెట్ల పునాది వరకే వేసుకున్నారు.

స్థలాల లాటరీ ఎప్పుడు తీయాలన్నదానిపై సంఘానికీ మాకూ గట్టిగా వాదన జరిగింది. ముందే తీస్తే మనసు కుదుటపడుతుందని వాళ్లు. ముందే తీస్తే మూల స్థలం వాడు మూల గురించే మాట్లాడతాడు, వీధి గురించి ఎవరూ మాట్లాడరని మేము. లేఅవుట్ ఖాయమయ్యేదాకా లాటరీ ఆపించాం. ఆ తర్వాత కూడా విడి చీటీలు వేయలేదు. కలిసి గంజి పెట్టుకునే మూడు నాలుగు కుటుంబాలు ఒక జట్టుగా చీటీ తీశాయి, ఒకే వీధిలో పక్కపక్కన పడేలా. ఆషాఢం దాటి శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నారు కాబట్టి ఇదంతా నాలుగు నెలల్లో ముగించాల్సి వచ్చింది.

మేము ఓడిపోయిన చోటు

మగ్గం గదికి పెంకు కప్పు వేస్తే వేసవిలో నయమని మా అభిప్రాయం. స్లాబ్ కింద మే నెల మధ్యాహ్నం గది ఎండి పోగులు తెగుతాయి. ఈ సంగతి మాకంటే వాళ్లకే బాగా తెలుసు. అయినా 36 ఇళ్లలో 27 స్లాబ్ కోరాయి. పెంకుటిల్లంటే పిల్లకు సంబంధం చూసేవాళ్లు వెనకాడతారు, బ్యాంకువాళ్లు తక్కువ లెక్క కడతారు, పైన అంతస్తు వేసే ఆశ పోతుంది. ఇవి ఉష్ణోగ్రత కంటే చిన్న కారణాలేమీ కావు. స్లాబ్ మీద తెల్ల సున్నం పూత, ఉత్తరం కిటికీకి ఎదురుగా దక్షిణం గోడ పైన గాలి పోయే కంత పెట్టి ఊరుకున్నాం. వేసవిలో స్లాబ్ ఇళ్లవాళ్లు మగ్గం చుట్టూ తడి గోనెసంచులు పరుస్తున్నారు. పెంకు వేసుకున్న 9 ఇళ్లలో ఆ అవసరం తక్కువగా ఉంది. ఒక ఇంటివాళ్లు మాత్రం పెంకు తీసేసి స్లాబ్ వేసుకోవడానికి డబ్బు కూడబెడుతున్నారు.

ఒక వానాకాలం, ఒక వేసవి తర్వాత

మళ్లీ వెళ్లి అన్ని ఇళ్లూ చూశాం. మగ్గాలున్న 29 కుటుంబాలూ మగ్గాలు తెచ్చుకున్నాయి. కూలికి నేసే ఐదుగురిలో ముగ్గురు కొత్తగా సొంత మగ్గం దించారు. రెండు గుంటల్లో నీళ్లు వచ్చాయి. రెండు చోట్లా కుటుంబమే గుంటను అర అడుగు లోతు చేసుకుంది, కొడుకు పొడగరి కావడంతో. కాంక్రీటు పగలగొట్టారు, పూత పోయింది. మనిషి పొడవును బట్టి గుంట లోతు మారుతుందని కొలతల రోజునే రాసుకున్నాం, అందరికీ ఒకే లోతు కట్టాం. పొడగరి ఉన్న ఇంట్లో గుంట లోతు పెంచే బదులు కూర్చునే పలకను ఎత్తు చేసి, మగ్గం చట్రాన్నీ అంతే లేపితే సరిపోయేది. ఆ రెండిళ్లలో ఇప్పుడు అలాగే సరిచేశారు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు మేం ఊహించని చోట దొరికింది. ఐదు ఇళ్లలో ఉత్తరం కిటికీ కింది సగాన్ని అట్టలతో మూసేశారు. మేం ఎంతో ముచ్చటపడి అంత కిందికి దించిన కిటికీ. కారణం ఇది: ఉత్తరాన వదిలిన 6 అడుగుల సందును ఆడవాళ్లు అంట్లకూ, బట్టలకూ, కొన్ని ఇళ్లలో స్నానానికీ వాడుకుంటున్నారు. మగ్గం దగ్గర కూర్చున్నవాడి కన్ను సరిగ్గా ఆ ఎత్తులో ఉంటుంది. సొంత ఇంటి మనిషైతే సర్దుకుంటారు, కూలికి నేసే బయటి మనిషి కూర్చున్న చోట ఇబ్బంది. పైగా వానజల్లు లోపలికి కొడుతోంది, పిల్లులు దూరి పడుగు మీద నడుస్తున్నాయి.

నమూనా ఒకే ఇల్లు గీశాం. ఆ ఇంటికి ఉత్తరాన మైదానమే ఉంది. పక్కిల్లు, దాని సందు, అందులో అంట్లు తోమే మనిషి ఆ గీతల్లో లేరు. రెండిళ్లు పక్కపక్కన గీసి, ఇద్దరు కోడళ్లను ఆ సందులో కూర్చోబెట్టి ఉంటే, పది నిమిషాల్లో తెలిసేది. ఖర్చు మరో ఆరేడు వేలు. ఇప్పుడు కిటికీ కింది సగానికి పైకి వాలిన చెక్క రెక్కలు పెట్టించాం, వెలుతురు వస్తుంది, చూపు ఆగుతుంది. కింద సన్నటి జాలీ. ఇంటికి 3,200 అయింది.

నేత మానేసిన రెండిళ్లలో గుంటను నాపరాయితో మూసుకున్నారు. గుంట అంచున అంగుళంన్నర మెట్టు కట్టి ఉంచడం వల్ల రాయి నేలకు సమానంగా కూర్చుంది. ఒక ఇంట్లో దాని మీద కుట్టు మిషను ఉంది. రెండో ఇంట్లో చిల్లర కొట్టు, వీధి వైపు తలుపు తీసి. ఆ రాయి ఎత్తడానికి వీలుగా దాని మధ్యలో ఇనుప కడియం పెట్టించుకున్నారు.